మాసే నోరు తెరిచిన రోజు

ఫిబ్రవరి. రాష్ట్రం సరిహద్దు దాటి, కుంట బ్లాకులో గొల్లపల్లి అవతల, అడవి లోపలి ఒక ఊరి హిందీ ప్రాథమిక పాఠశాల. మధ్యాహ్న భోజన సమయం. పిల్లలు వరండాలో తింటున్నారు. ఆఫీసు గదిలో హెడ్మాస్టరు రామనర్సయ్య, అతిథి టీచరు జ్ఞానప్రసూన.

"ఎనిమిది నెలలు నోరిప్పని పిల్ల. ఎనిమిది నెలలు! ఇయ్యాలే ఇప్పాల్నా? జిల్లా నుంచి ఆఫీసరమ్మ వచ్చిన రోజే ఇప్పాల్నా?"

"సార్, ముందు మీరు కూర్చోండి."

"కూసుంట, కూసుంట. ఇంట్ల కూసోబెట్టేస్తరు నన్ను. నువ్వు తొందరపెట్టకు."

"నేనేం చేశాను సార్?"

"ఏం చేసినవా? ఆ జిల్లా మేడమ్ ఏమడిగింది? ‘స్కూల్లో మీకేం కావాలి పిల్లలూ’ అని అడిగింది. అడిగిందా లేదా?"

"అడిగారు."

"వచ్చినోళ్ళందరూ అదే అడుగుతరు. పిల్లలు నేల చూస్తరు. వాళ్ళు చాక్లెట్లు పంచి జీపెక్కుతరు. పదకొండేళ్ళ నుంచి ఇదే జరుగుతున్నది ఈ స్కూల్ల. ఎవరికీ నష్టం లేదు."

"పదకొండేళ్ళు నేల చూడటం నష్టం కాదా సార్?"

"మాట మార్చకు. అందరూ నేల చూస్తుంటె ఒక్క పిల్ల లేచింది. నాలుగో తరగతి. మాసే. చేతులు కట్టుకోని నిలబడి ఏమన్నది? నువ్వే చెప్పు, నా నోటితోని నేను అనలేను."

"‘బడే గురూజీ కో రోజ్ ఆనా చాహియే’ అంది."

"పెద్ద సారు రోజూ రావాలట! నేను! పక్కనే నిలబడి ఉన్న, దండలు పట్టుకోని!"

"‘కో’ కూడా సరిగ్గా పెట్టింది సార్. మన ట్రైనింగుకు వచ్చే టీచర్లలో సగంమంది..."

"నవ్వుతున్నవా?"

"లేదు సార్."

"నవ్వుతున్నవ్. నా కొంప మునుగుతుంటె నువ్వు ‘కో’లు ఏరుకుంటున్నవ్."

"నవ్వట్లేదు సార్. ఏడవాలో ఏం చేయాలో తెలియట్లేదు. ఎనిమిది నెలల తర్వాత ఒక పిల్ల పదిమందిలో లేచి ఒక వాక్యం మొత్తం చెప్పింది. దానికి మీరు నన్ను ఇలా నిలబెట్టి..."

"ఒక్క వాక్యమా? ‘రోజూ రారా’ అని ఆమె తిరిగి అడిగితే ఏమన్నది?"

"‘మంగళ్‌వార్ కో ఆతే హై’."

"మంగళవారమే వస్తనట! ఇయ్యాల ఏం వారం?"

"గురువారం."

"మరి నేనెందుకున్న ఇక్కడ? జీపు వస్తున్నదని పొద్దున ఫోనొస్తే ఉరికొచ్చిన. అది కూడ చెప్పలే, నయం."

"అంత పెద్ద వాక్యం ఇంకా రాదు సార్ దానికి."

"చూడు, మళ్ళ!"

"సారీ సార్."

"నిజం చెప్పు అమ్మా. మీ నాయన శ్రీరంగం నాకు చిన్నప్పటి దోస్తు. మీ దుకాణంల బెంచీ మీద కూసోని చాయ్ తాగి పెద్దోణ్నయిన. ఆ మొఖం చూసే నిన్ను ఈ స్కూలుకు రాయించిన. నా మీద నీకు కోపం ఉంటే నాతోని చెప్పు. పిల్ల నోట్లె పెట్టి అనిపిస్తవా?"

"నేను అనిపించలేదు."

"మరి తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ ముక్కలు ఎట్లొచ్చినయ్? ‘చాహియే’ ఎట్లొచ్చింది?"

"‘చాహియే’ నేను నేర్పిందే. ‘ముఝే పానీ చాహియే’, ‘ముఝే పెన్సిల్ చాహియే’. దాంట్లో మిమ్మల్ని పెట్టుకుంది తను. నేను వాక్యం నేర్పలేదు సార్. మాట్లాడటం నేర్పాను."

"ఎవరు నేర్పమన్నరు?"

"సార్?"

"అంటే... నేర్పమన్నరనుకో. కాని ఇట్లనా?"

"ఎట్లా అయితే బాగుండేది సార్? మీకు తెలుసా ఎంత కష్టపడ్డానో? వచ్చిన కొత్తలో ‘తుమ్హారా నామ్ క్యా హై’ అంటే ముప్పై ఒక్కమంది ముప్పై ఒక్క రకాలుగా నేల చూసేవాళ్ళు. తమ పేరు చెప్పడానికి కూడా నోరు రాదు. అందరితో కలిపి పాడిస్తే పెదాలు కదిపేవాళ్ళు, గొంతు లేదు. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టాను. ఒకరి చెవిలో ఒకరిని చెప్పమన్నాను. చెవిలో ఏం చెప్పుకున్నారో దేవుడికి తెలియాలి, హిందీ మాత్రం కాదు. తప్పు చెప్పినా దిద్దనని ఒట్టేశాను. అయినా ఉలకరు. సాయంత్రం గదికి వెళ్ళి గోడకేసి తల కొట్టుకోవాలనిపించేది."

"మరి మాసే ఎట్ల పలికింది?"

"అగ్గిపెట్టెతో."

"ఏంది?"

"అగ్గిపెట్టెలు రెండు, మధ్యలో దారం. ఫోనన్నమాట. ఒక కొస నా దగ్గర, ఇంకో కొస తలుపు వెనకాల దాని దగ్గర. నా మొహం దానికి కనపడదు, దాని మొహం ఎవరికీ కనపడదు. ‘హలో, కౌన్?’ అన్నాను. రోజూ అన్నాను. పదహారు రోజులు అన్నాను సార్, తలుపుకేసి మాట్లాడే పిచ్చిదాన్నని పిల్లలు నవ్వుకునేదాకా. పదిహేడో రోజు ‘మాసే’ అంది. అంతే. ఆ ఒక్క మాటకి నేను చాక్‌పీసు పట్టుకుని బయటికెళ్ళి ఏడ్చొచ్చాను."

"ఊఁ."

"తర్వాత తలుపు కొంచెం తెరిచి, ఇంకొంచెం తెరిచి, తలుపు లేకుండా, అగ్గిపెట్టె లేకుండా... ఇవాళ్టికి ఇంత దూరం వచ్చింది. లేచి నిలబడింది. మధ్యలో ఆగలేదు. ఆ ఒక్క నిమిషం కోసమే ఇన్నాళ్ళు ఉన్నాను ఇక్కడ. మీరేమో కొంప మునిగిందంటున్నారు."

"మునిగింది కాబట్టి అంటున్న. ఆ మేడమ్ అవతలి ఊరి స్కూలు చూసి నాలుగింటికి మళ్ళ ఇటే వస్తది. పిల్ల చెప్పిందంత బయాన్ అని కాయితం మీద రాసుకుంటదట. సంతకం పెట్టిస్తదట. తర్వాత నాకు నోటీసు. పద్నాలుగు నెలలున్నది నాకు రిటైర్మెంటు. పద్నాలుగు!"

"మరి రోజూ రావచ్చు కదా సార్?"

"ఏమన్నవ్?"

"ఏం లేదు."

"రోజూ రావాల్నా? ఓటర్ల జాబితా ఎవరు రాస్తున్నరు, నేను. ఇంటింటి సర్వే ఎవరు, నేను. బ్లాకుల మీటింగంటే ఎవరు పోవాలె, నేను. వాగుల నీళ్ళుంటే బండి ఒడ్డున పెట్టి ప్యాంటు మడిచి నడవాలె. మోకాళ్ళు నావి ఇనుముతోని చేసినవి కావు. నీకు ఇరవై నాలుగేళ్ళు, ఈ ఊర్లనే గది తీసుకున్నవ్, నడుస్తది. నాకు నడువది."

"వారానికి ఆరు రోజులు మీటింగులు ఉండవు సార్."

"ఉండవు. నిజమే. ఉండవు. అలసట ఉంటది. ముప్పై ఏళ్ళ అలసట. నీకు తెలువది అది. తెలువకుండనే ఉండాలె అనుకుంట. సరే. జరిగింది జరిగింది. ఇగ ఒక్కటే దారి. పిల్లకు హిందీ రాదు."

"ఏంటి సార్?"

"పిల్లకు హిందీ రాదు. ఏదో అనబోయి ఏదో అన్నది. ‘కొత్త పుస్తకాలు రావాలె’ అనబోయి ‘గురూజీ రావాలె’ అన్నది. భాష రాని పిల్ల, పాపం. నాలుగింటికి అదే చెప్పిస్త. నువ్వు పక్కన ఉండి అవునను, చాలు."

"నేననను."

"అంటవ్."

"అనను సార్. ఎనిమిది నెలలు ‘నీకు వచ్చు, నీకు వచ్చు’ అని చెవిలో పోరి, ఇప్పుడు ‘నీకు రాదు’ అని నేనే చెప్పాలా? ఇంకెప్పుడైనా నోరు తెరుస్తుందా అది?"

"తెరవకపోతే ఏమైతది? అడవిల చెట్లు ఊడిపడతయా?"

"మీ పిల్లైతే ఇలాగే అంటారా?"

"నా పిల్ల సంగతి తేకు. ఇది విను. పోయిన నెల మీటింగుల ఏమన్నరో తెలుసా? పిల్లలు తక్కువున్న స్కూళ్ళు, సరిగ్గ నడవని స్కూళ్ళు మూసి పెద్ద ఊర్లల్ల కలుపుతరట. లిస్టు తయారైతున్నది. ఇయ్యాల ఈ బయాన్ రాసిండ్రనుకో, ‘హెడ్మాస్టరు రాడు, పిల్లలకు చదువు రాదు’ అని రాసిండ్రనుకో, మన పేరు లిస్టుల మొదట ఉంటది. తొమ్మిది కిలోమీటర్లు నడిచి పోతదా నీ మాసే? రెండు వాగులు దాటి? చెప్పు. పోతదా?"

"పోదు."

"పోదు. ఇంట్ల కూసుంటది. నువ్వు నేర్పిన హిందీ మేకలతోని మాట్లాడుతది. నేను ఒక్కణ్నే పోతే పోనీ అనుకో. స్కూలు పోతే?"

"మీరు నిజంగా స్కూలు గురించే అంటున్నారా సార్?"

"సగం నా గురించి, సగం స్కూలు గురించి. అబద్ధమెందుకు. పిల్లను పిలువు."

"సార్..."

"పిలువు అమ్మా. టైము లేదు."

"మాసే! ఖానా హో గయా? ఇధర్ ఆవో. డరో మత్. ఆవో, బైఠో."

"కూసోకు, నిలబడు. ఆఁ, అట్ల. బోల్, మాసే. ‘ముఝే హిందీ నహీ ఆతీ.’ బోల్."

"..."

"బోల్! ‘ముఝే హిందీ నహీ ఆతీ.’ పొద్దున అంత గట్టిగ అన్నవ్ కదా! బోల్ నా!"

"అలా మీద నిలబడి అరిస్తే రాదు సార్ దానికి."

"మరెట్ల వస్తది? నువ్వు చెప్పు, నువ్వే కదా పంతులమ్మవు."

"నేను చెప్పను."

"తొమ్మిది కిలోమీటర్లు అమ్మా. రెండు వాగులు. ఎట్ల వస్తది?"

"కూర్చోండి. మీరు కూర్చుంటే తనూ కూర్చుంటుంది. కళ్ళలోకి చూడకండి. చేతికి ఏదైనా పని ఇవ్వండి, ఆ చాక్‌పీసులు ఏరి డబ్బాలో వేయమనండి. ఒకసారి మీరు చెప్పండి, తర్వాత ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. మధ్యలో మళ్ళీ అడగొద్దు."

"పదా? నాలుగింటిదాంక సరిపోతదా?"

"ఆగండి సార్. ఆగితేనే వస్తుంది."

"సరే. ‘ముఝే హిందీ నహీ ఆతీ.’ ... ఒకటి, రెండు..."

"మనసులో సార్."

"..."

"ముఝే హిందీ నహీ ఆతీ."

"అరె! వచ్చింది! శాబాష్!"

"వచ్చింది."

"కాని ఇదేంది అమ్మా, ఇంత సాఫుగ చెప్తున్నది? ఇంత బాగ చెప్తే రాదని ఎవరు నమ్ముతరు? ఇంకోసారి బోల్ మాసే."

"ముఝే హిందీ నహీ ఆతీ."

"ఛ. రాయ్‌పూర్ రేడియో లెక్క ఉన్నది. ‘ఆతీ’ అననియ్యకు. ‘ఆతా’ అనమను. కొంచెం తప్పుండాలె."

"తప్పు నేర్పమంటున్నారా నన్ను?"

"కొంచెం."

"ఆతా కాదు, ఆతీ అనాలని తెలియడానికి దానికి రెండు నెలలు పట్టింది సార్. మీకు తెలుసా, రెండు నెలలు! ఇప్పుడు దాన్ని వెనక్కి తీయాలా? ఎలా తీస్తారు? నోట్లోకి వెళ్ళిన మాట వెనక్కి ఎలా తీస్తారు?"

"అరవకు, పిల్ల బెదురుతది."

"బెదరనివ్వండి! బెదిరితే మీకే కదా మంచిది! మళ్ళీ నేల చూస్తుంది, జీపు వచ్చి వెళ్ళిపోతుంది, ఎవరికీ నష్టం లేదు! నావల్ల కాదు సార్. బడి మూస్తే మూయనివ్వండి. నా ఉద్యోగం, వచ్చే ఏడు నన్ను పెట్టుకుంటారో లేదో, మీ ఇష్టం. దీంతో ఈ మాట చెప్పించడం నావల్ల కాదు. మాసే, చుప్ రహో. మత్ బోలో."

"చుప్ ఉండమంటున్నవా? నువ్వా? ఏడవకు. పిల్ల ముందట ఏడిస్తే ఏం బాగుంటది. ఇదిగో, నీళ్ళు తాగు."

"అసలు ఒక్కసారైనా దాన్ని అడిగారా సార్, ఎందుకంది అని? ఇద్దరం దాని నెత్తిమీద కొట్టుకుంటున్నాం. ఎవరు చెప్పమన్నారో, ఎందుకు చెప్పిందో అడిగారా?"

"హిందీల అడిగితే ఏం చెప్తది?"

"మీకు వీళ్ళ ఇంటి భాష, దోర్లీ, వచ్చు కదా. అడగండి. నాకు సంతలో పనికొచ్చే నాలుగు ముక్కలు తప్ప రాదు. ఈ పిల్లలకా, తెలుగు అందదు. పెద్దవాళ్ళు సంతకి పోయొచ్చేవాళ్ళు కాబట్టి రెండు మాటలంటారు. మీరే అడగండి. నేను అనిపించానో లేదో కూడా తేలిపోతుంది."

"సరే. అడుగుత. తేలనీ."

దోర్లీలో కొంతసేపు.

"ఏమంటోంది సార్?"

"ఎవరూ చెప్పమనలేదట."

"చూశారా! నేను..."

"ఆగు, ఇంకా ఏదో అంటున్నది."

దోర్లీలో మరికొంతసేపు.

"ఇంతసేపు మాట్లాడింది! నాతో ఎనిమిది నెలల్లో ఇన్ని మాటలు... చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది సార్, చూడండి. నేనెప్పుడూ చూడలేదు దాన్ని ఇలా. ఏమంది?"

"ఏం లేదు."

"సార్."

"ఏం లేదంటున్న కదా. ఇంటి సంగతులు. చిన్నపిల్ల, ఏదేదో చెప్తది."

"అంత పొడుగు చెప్తే మీరు రెండు ముక్కల్లో చుడుతున్నారు. ‘మంగి’ అంది. నాలుగైదుసార్లు అంది. ఆ పేరు నాకూ వినపడింది. మంగి దాని చెల్లెలు, ఒకటో తరగతి, నా గదిలోనే కూర్చునేది. దీపావళి నుంచి బడికి రావట్లేదు. ఏమైంది మంగికి?"

"ఎందుకు రావట్లేదని నువ్వు అనుకున్నవ్?"

"ఇంట్లో చంటిపిల్లని చూసుకోవడానికి ఆపారేమో అనుకున్నాను. రెండుసార్లు వెళ్ళాను సార్ వాళ్ళింటికి. వాళ్ళమ్మ నవ్వింది, చాప వేసింది, ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు. తల ఊపి వచ్చేశాను. ఏమైంది?"

"ఇంట్ల ఆపలేదట."

"మరి?"

"ఇప్పుడెందుకు అమ్మా, అయిపోయిన సంగతి."

"చెప్పండి సార్. నా క్లాసు పిల్ల."

"క్లాసులనే జరిగిందట. పిల్లకు బయటికి పోవలసొచ్చింది. పాస్‌కు. హిందీల ఎట్ల అడగాల్నో తెలువది. క్లాసుల హిందీనే మాట్లాడాలె అన్నవ్ కదా. అందుకని అడగకుండ అట్లనే కూసున్నదట, కాళ్ళు దగ్గరికి పట్టుకోని. ఆరేళ్ళ పిల్ల, ఎంతసేపు పడతది? గౌను తడిసింది. పక్కన పిల్లలు నవ్విండ్రు. ఇది లేచి చెల్లెను తన వెనక దాచుకోని తీసుకపోయిందట."

"నేను చూడలేదు. సార్, నేను... బోర్డు మీద రాస్తున్నాను. తిరిగి చూసేసరికి మాసే అడక్కుండా బయటికి పోతోంది. వెనక్కి పిలిచాను. ఆగలేదు. అదేనా? ఆ రోజేనా?"

"అదే అయుంటది."

"అడక్కుండా పోయిందని మర్నాడు నేను... నేను దాన్ని కోప్పడ్డాను."

"అది కూడ చెప్పింది. కొట్టలేదని కూడ చెప్పింది."

"మరి దానికీ, మీరు రోజూ రావాలనడానికీ ఏంటి సంబంధం?"

"మంగళవారం మంగి వస్తదట."

"ఎక్కడికి?"

"స్కూలుకే. నేను చూస్తనే ఉన్న, ఇంత పిల్ల, చింపిరి జుట్టు. ఎవరిదో అనుకున్న. ఇంటికాడ ఉండి ఉండి నా బండి చప్పుడు వింటే వస్తదట. బండి దిగంగనే అడుగుత కదా నేను, ‘ఏమే, తిన్నవా, ఏం కూర’ అని. ఎవరు ఎదురొస్తే వాళ్ళను అడుగుత. అది ఒక అలవాటు, అంతే. ఆ పిల్ల దానికి జవాబు చెప్పి, నా ఎనకనే ఈ ఆఫీసు గదిలకొచ్చి మూలకు కూసుంటదట, నీ క్లాసు దిక్కు రాదట. బయటికి పోవాలంటే నా చెయ్యి గుంజి చెప్తదట. నేను బండెక్కితే అదీ పోతది."

"మీరు అడిగేది దోర్లీలో."

"ఇంకే భాషల అడుగుత? మా అమ్మ కూలికి పోయిన ఊర్లన్నీ దోర్లోళ్ళవే. నేను వాళ్ళ గుడిసెల ముందట ఆడి పెరిగిన. పిల్లల్ని పలకరించాలంటే నాకు అదే వస్తది నోటికి."

"అందుకని రోజూ రావాలంది."

"మంగి రోజూ స్కూలుకు రావాలంటే నేను రోజూ రావాలె. అంతే దాని లెక్క. దానికోసం ఆ వాక్యం నెల రోజుల నుంచి జమ చేసుకుంటున్నదట, ఎవరన్నా పెద్దోళ్ళు అడిగితే చెప్పాలని."

"ఫిర్యాదు కాదు సార్ అది."

"ఫిర్యాదు అయితే బాగుండు. ఫిర్యాదైతే నా దగ్గర జవాబులున్నయ్. వాగు, మోకాళ్ళు, ఓటర్ల జాబితా. నన్ను రమ్మని అడుగుతున్నది. దీనికేం చెప్పాలె నేను? ముప్పై ఏళ్ళ సర్వీసుల నన్ను రమ్మని ఎవరూ అడగలే. ఎందుకు రాలేదని అడిగిండ్రు. ఆ పిల్లతోనే ‘నాకు రాదు’ అనిపించబోయిన. నువ్వు ఆపకపోతే అనిపించేటోణ్ని."

"నాలుగింటికి ఏం చెప్తారు సార్?"

"నేనే చెప్త. పిల్ల చెప్పింది చెప్పినట్టు రాసుకోమంట. మంగళవారమే వస్తున్న, నిజమే అంట. నోటీసు ఇస్తే తీసుకుంట. స్కూలు లిస్టుల పెట్టొద్దని కాళ్ళు పట్టుకుంట. సోమవారం నుంచి మోకాళ్ళకు ఏదో పట్టీ కట్టుకోని వస్త. రోజూ వస్తనని మాటియ్యలేను, కాని వస్త. నువ్వు మొఖం కడుక్కో పో."

"కడుక్కుంటాను. సార్, దాన్ని ఒక్కటి అడగండి."

"ఇగ చాలు అమ్మా. పిల్లను ఆడుకోనియ్యి."

"ఒక్కటే. దీపావళి నుంచి రోజూ దాని పక్కన కూర్చున్నాను. దాని నోట ఒక్క ముక్క రావాలని నేను పడ్డ పాట్లు దానికి తెలుసు. మంగి సంగతి నాతో ఎందుకు చెప్పలేదు? నా మీద అంత భయమా? మూడు నెలలు ఎందుకు దాచింది? అడగండి."

"అడగనక్కర లేదు."

"ఎందుకు?"

"ఇందాక చెప్పింది. నేనే నీకు చెప్పలే."

"ఏమంది?"

"వద్దులే."

"ఏమంది సార్?"

"దాచలేదట. మూడు సార్లు చెప్పిందట నీకు, దోర్లీల. మూడు సార్లూ నువ్వు నవ్వి, వీపు తట్టి, ‘చాలా బాగుంది మాసే, ఇదే ముక్క ఇప్పుడు హిందీలో చెప్పు’ అన్నవట."